ఈస్ట్‌కు జింక్: సల్ఫేట్ మేలా, ఈస్ట్ పొడి మేలా?

ఈ మధ్య బీరు కాచేవాళ్ల నుంచి నాకొచ్చే మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న. "అన్నా, మేం ఆర్‌ఓ నీళ్లకు మారాం. అందులో మినరల్స్ అన్నీ పోతాయంటున్నారు. మరి ఈస్ట్ ఏం తిని బతుకుతుంది? జింక్ సల్ఫేట్ వేయమంటావా, జింక్ పట్టించిన ఆ ఫారిన్ ఈస్ట్ పొడి కొనమంటావా?" బెంగళూరులో ఇందిరానగర్ నుంచి ఒకరు, వైట్‌ఫీల్డ్ నుంచి ఒకరు, మొన్న హెచ్‌ఎస్‌ఆర్ నుంచి ఇంకొకరు. అందరూ బ్రూపబ్బుల్లో వోర్ట్ మరిగించే కెటిల్ దగ్గర నిలబడేవాళ్లే కాబట్టి, మాల్ట్ అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, వోర్ట్ అంటే దాన్నుంచి తీసిన తీపి రసం, దాన్ని పులియబెట్టి బీరు చేసేది ఈస్ట్ అని ఒక్క ముక్కలో చెప్పి ముందుకు పోతాను. విడివిడిగా టైప్ చేసే ఓపిక లేక ఇక్కడ ఒకేసారి రాస్తున్నాను.

ముందు నీళ్ల సంగతి తేల్చేద్దాం. నేను బోల్తా పడింది కూడా అక్కడే.

2024 ఎండాకాలం గుర్తుందిగా. బోర్లు ఎండిపోయి బెంగళూరు మొత్తం ట్యాంకర్ల వెంట పరిగెత్తిన రోజులు. నేను పనిచేసే చోట కూడా రోజుకో ట్యాంకర్, ట్యాంకర్‌కో రుచి. ఒకరోజు వచ్చిన నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా సున్నం కడుతుంది, మర్నాటివి కట్టవు. ఇలా అయితే బీరు ఒక్క తీరుగా రాదని ఆర్‌ఓ పెట్టించారు. సరిగ్గా ఆ నెలలోనే మా బ్లాండ్ ఏల్ (లేత రంగు బీరు) మొరాయించింది. అయిదు రోజుల్లో దిగాల్సిన గ్రావిటీ (చక్కెర ఇంకా ఎంత మిగిలిందో చెప్పే కొలత) తొమ్మిది రోజులైనా దిగలేదు. రుచి చూస్తే, అప్పుడే కోసిన గుమ్మడికాయలో గింజల దగ్గర ఉండే పచ్చి వాసన. పుస్తకాల్లో దీన్ని పచ్చి ఆపిల్ వాసన అంటారు, నాకు మాత్రం గుమ్మడికాయే. అసిటాల్డిహైడ్ అన్నమాట, ఆల్కహాల్‌గా మారకుండా మిగిలిపోయిన పదార్థం. ఇంకేముంది, "ఆర్‌ఓవి చచ్చు నీళ్లు, అందుకే ఇలా అయింది" అని అందరం తీర్మానించేశాం.

తర్వాతి బ్యాచ్ అవే ఆర్‌ఓ నీళ్లతో చేసి, ఈస్ట్ మాత్రం కొత్త డ్రై ప్యాకెట్ కోసి వేశాం. అయిదో రోజుకు శుభ్రంగా దిగింది. అంటే తప్పు నీళ్లది కాదు. మొరాయించిన బ్యాచ్‌లో వేసింది ఆరో తరం ఈస్ట్. ప్యాకెట్ ఖర్చు మిగులుతుందని ఫెర్మెంటర్ (బీరు పులిసే ట్యాంకు) అడుగున దిగిన ఈస్ట్ మడ్డినే ఎత్తి బ్యాచ్ తర్వాత బ్యాచ్‌కు వాడుతూ వచ్చాం. మూడోసారి ఆ పాత మడ్డే, ఆ ఆర్‌ఓ నీళ్లే, కాకపోతే కాస్త జింక్ తోడు చేశాం. ఆరో రోజుకు దిగింది, గుమ్మడికాయ వాసన లేదు. ఒక్క బ్యాచ్‌తో ఏదీ రుజువు కాదు, పైగా ఆసారి ఆక్సిజన్ కూడా జాగ్రత్తగా పట్టాం. అయినా అప్పటినుంచి ఇప్పటిదాకా అదే తీరు చూస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఆర్‌ఓలో పోయేవాటిలో మీరు పట్టించుకోవాల్సింది కాల్షియం. దాన్ని తిరిగి వేయాల్సిందే, లీటరుకు 50 మిల్లీగ్రాములైనా ఉండాలి. కాల్షియం క్లోరైడ్ ఒక్కటే వాడితే 500 లీటర్లకు సుమారు 90 గ్రాములు. మాష్ (మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టిన ముద్ద) పీహెచ్ దిగాలన్నా, చివర్లో ఈస్ట్ కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని అడుక్కి దిగి బీరు తేరుకోవాలన్నా కాల్షియం కావాలి. దాంతోపాటు వచ్చే క్లోరైడ్ బీరుకు నిండుదనం ఇస్తుంది, జిప్సంతో వచ్చే సల్ఫేట్ చేదుకు పదును పెడుతుంది. ఇంగ్లండ్‌లో బర్టన్ పేల్ ఏల్‌కు పేరొచ్చింది జిప్సం నిండిన నీళ్లతో, చెక్ దేశపు పిల్జెన్ బీరుకు పేరొచ్చింది ఉప్పులు దాదాపు లేని నీళ్లతో. మెగ్నీషియం, పొటాషియం మాల్ట్ నుంచే దండిగా వస్తాయి. అందుకే మెగ్నీషియం కోసమని ఎప్సమ్ సాల్ట్ జోలికి పోకండి, ఎక్కువైతే నోట్లో వగరు చేదు మిగులుతుంది. కావేరి కనెక్షన్ ఉన్నవాళ్లు, ముఖ్యంగా 2024 అక్టోబరులో అయిదో దశ మొదలయ్యాక కొత్తగా వచ్చినవాళ్లు, క్లోరిన్ తీసేసుకుని ఆర్‌ఓ లేకుండానే నెట్టుకురావచ్చు. బోరు నీళ్లయితే ఇనుము, నైట్రేట్ ల్యాబ్‌లో చూపించుకోకుండా వాడొద్దు. ఇక నీళ్ల గురించి ఇంతే. జింక్ విషయంలో కావేరి అయినా ఆర్‌ఓ అయినా ఒకటే, ఎందుకంటే నదినీళ్లలో అది ఎప్పుడూ నామమాత్రమే.

మరి జింక్ ఎక్కణ్ణుంచి రావాలి? బార్లీ నుంచి. గింజలో సరిపడా ఉంటుంది. కానీ మాష్ అయ్యాక అందులో ఎక్కువ భాగం పిప్పితోనే పోతుంది. మిగిలినది కెటిల్‌లోకి వస్తే, వోర్ట్ మరిగేటప్పుడు విరిగే ప్రోటీన్ గడ్డలు దాన్ని పట్టుకుని ట్రబ్‌తోపాటు (కెటిల్ అడుగున చేరే మడ్డి) అడుక్కి లాక్కెళ్తాయి. ఈ రెండు గండాలూ దాటి ఫెర్మెంటర్ చేరిన చారెడు జింక్‌ను ఈస్ట్ మొదటి కొన్ని గంటల్లోనే మింగేసి దాచుకుంటుంది. తర్వాత తల్లికణం పిల్లకణంగా విడిపోయిన ప్రతిసారీ ఆ దాచుకున్నది పంచుకోవాలి. ఆరో తరానికి వచ్చేసరికి వాటాకు ఏం మిగులుతుంది? కొత్త డ్రై ప్యాకెట్ అయితే ఫ్యాక్టరీలోనే కడుపునిండా మేసి వస్తుంది, అందుకే మొదటి బ్యాచ్‌లో మీకు ఏ లోటూ కనపడదు.

లోటు పడితే ఏమవుతుందో ఆ గుమ్మడికాయ వాసనే చెబుతుంది. అసిటాల్డిహైడ్‌ను ఆల్కహాల్‌గా మార్చే చివరి మెట్టు దగ్గర పనిచేసే ఎంజైమ్ ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్. దాని నడుమ జింక్ అణువు ఉంటేనే అది పనిచేస్తుంది. జింక్ లేకపోతే పని ఆ మెట్టు దగ్గరే నిలిచిపోతుంది. పాప్‌కార్న్ వెన్న వాసన ఇచ్చే డయాసిటిల్‌ను ఈస్ట్ తిరిగి ఊడ్చుకోవడం కూడా ఆలస్యమవుతుంది. చలికి తేరుకోవాల్సిన బీరు మబ్బుగానే ఉండిపోతుంది. లీటరు వోర్ట్‌కు 0.15 నుంచి 0.3 మిల్లీగ్రాములు ఉంటే చాలు, ఇవేవీ ఉండవు. మరీ ఎక్కువైతే మళ్లీ వేరే తలనొప్పి: ఎస్టర్లు (పళ్ల వాసన, మరీ ఎక్కువైతే పెయింట్ వాసన ఇచ్చేవి), ఘాటు ఆల్కహాల్‌లు పెరిగే వైపు మొగ్గుతుంది. ఇంకా పెంచితే ఈస్ట్‌కే విషం.

మాది నెల్లూరు జిల్లా, కోవూరు వైపు. వరి ఆకు మీద తుప్పు మచ్చలు కనపడితే ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ చల్లే ఇంట్లో పుట్టి, బూజుకు, ఈస్ట్‌కు కూడా అదే కావాలని నాకు ముప్పై దాటాక తెలిసింది. పాశ్చర్ శిష్యుడు రౌలిన్ నల్లబూజు పెరగడానికి జింక్ తప్పనిసరని 1869లోనే చూపించాడట! బీరు పనిలో మాత్రం మనకు కావాల్సింది కిలోలు కాదు, చిటికెలో సగం కూడా కాదు. అసలు చిక్కు అక్కడే వస్తుంది.

ఇక రెండింటి సంగతి. జింక్ సల్ఫేట్ మీకు తెలిసిన ఉప్పే. రెండోది, జింక్ బాగా పట్టించిన నీళ్లలో పెంచి, తర్వాత చంపి ఎండబెట్టిన ఈస్ట్ పొడి. సర్వోమైసిస్ పేరుతో దొరికేది అదే. 1516 నాటి బవేరియా చట్టం పేరు చెప్పుకునే జర్మన్లకు బీరులో జింక్ ఉప్పు వేయడం కుదరదు. ఈస్ట్ వేస్తే ఎవరూ కాదనరు. అందుకని మ్యూనిక్ పక్కన వైహెన్‌స్టెఫాన్‌లో ఈ దారి కనిపెట్టారు. తెలివైన పని, ఒప్పుకోవాలి. 100 లీటర్లకు 1 గ్రాము, మరుగు ఆపడానికి పది నిమిషాల ముందు కెటిల్‌లో వేస్తే సరి. జింక్ కణం లోపలే ఉండటం వల్ల ట్రబ్ దాన్ని అంత సులువుగా లాక్కోలేదు. తూకం కూడా తేలిక: 500 లీటర్లకు 5 గ్రాములు, వంటింటి త్రాసు చాలు. కొత్తగా చేరిన కుర్రాడికి అప్పజెప్పినా చెడగొట్టలేడు.

సల్ఫేట్‌తో ఆ సుఖం లేదు. 500 లీటర్లకు లీటరుకు 0.2 చొప్పున కావాల్సిన జింక్ 100 మిల్లీగ్రాములు. హెప్టాహైడ్రేట్‌లో (ఏడు నీటి అణువులు పట్టుకుని ఉండే జింక్ సల్ఫేట్) జింక్ 22 శాతం పైచిలుకు, కాబట్టి ఉప్పు 0.44 గ్రాములు పడుతుంది. మన త్రాసు గ్రాముకు గ్రాము లెక్కన చూపిస్తుంది. నేను మొదటిసారి చిటికెడు వేస్తే సున్నా చూపించింది, ఇంకాస్త వేశాను, ఒకటి చూపించింది. అది ముప్పాతిక గ్రామో, గ్రామున్నరో దేవుడికే తెలియాలి. ఆ బీరు పారబోసేంత పాడవలేదు గానీ, పెయింట్ డబ్బా మూత తీసినట్టు ఓ ఘాటు మిగిలింది. కస్టమర్లకు తెలియలేదు, నాకు తెలిసింది. ఇది చాలదన్నట్టు ఒకే నీటి అణువున్న మోనోహైడ్రేట్ అని ఇంకోటి ఉంది, అందులో జింక్ 36 శాతం. డబ్బా మీద చూసుకోకుండా ఒకదాని బదులు ఇంకోటి వేస్తే లెక్క ఒకటిన్నర రెట్లు దాటుతుంది.

అయినా నేను సల్ఫేట్ వైపే. తూకం చిక్కుకు ఒక్క సీసాతో విరుగుడుంది: 10 గ్రాముల హెప్టాహైడ్రేట్‌ను లీటరు మరిగించిన నీళ్లలో కరిగించి పెట్టుకోండి. అప్పుడు మిల్లీలీటరుకు 2.27 మిల్లీగ్రాముల జింక్. 500 లీటర్లకు 44 మిల్లీలీటర్లు, సిరంజితో లాగితే తేడా రాదు. ఇప్పుడు అసలు విషయం. ద్రవంగా ఉంది కాబట్టి దాన్ని కెటిల్‌లో వేయక్కర్లేదు. ఆ సీసాలోంచి కావాల్సినంత తీసి పది నిమిషాలు మరిగించి, చల్లబడిన వోర్ట్ ఫెర్మెంటర్‌లోకి దిగుతున్నప్పుడు కలపొచ్చు. ట్రబ్ వెనక్కి ఉండిపోయింది, లాక్కునేవాళ్లు ఎవరూ లేరు, పోసింది పోసినట్టు ఈస్ట్ నోటికి చేరుతుంది. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదొక్కటే. ఎంత వేశామన్నది కాదు, ఎంత చేరిందన్నది. పొడి కూడా చేరుతుంది, కాదనను. కానీ పొడితో ఎంత చేరిందో నా చేతిలో లెక్క ఉండదు. సల్ఫేట్‌తో ఉంటుంది. బియ్యం కలిపిన వోర్ట్‌కు కాస్త పెంచుతాను, మొత్తం మాల్ట్ అయితే తగ్గిస్తాను. పొడికి వచ్చేసరికి ప్యాకెట్ చెప్పిందే వేదం.

ధర సంగతి రాయక్కర్లేదు. ఒక డబ్బా సల్ఫేట్ కొంటే మీ ఉద్యోగం మారినా అది అయిపోదు. కొనేది మాత్రం ఫుడ్ గ్రేడో, ఐ.పి. గ్రేడో (మందులకు వాడేంత శుద్ధమైనది) చూసుకోండి. ఎరువుల కొట్లో దొరికేది పొలానికి, అందులో సీసం లాంటివి ఎంతో కొంత ఉంటాయి.

పొడి ఎవరికి మేలంటే: నెలకోసారి బ్రూ చేసేవాళ్లకు, షిఫ్టుకో మనిషి మారే చోట, సీసాలు, సిరంజిలు, లేబుళ్లు చూసుకునే నాథుడు లేని చోట. మా ఓనర్ నన్ను తీసేసి ఇంకొకర్ని పెట్టుకుంటే పొడి కొనమనే చెబుతాను.

డి.ఏ.పి. (నైట్రోజన్, ఫాస్ఫేట్ ఇచ్చే డైఅమ్మోనియం ఫాస్ఫేట్) గురించి కూడా అడిగారు. తేనెతో మీడ్ చేసేవాళ్లకు అది కావాలి, తేనెలో నైట్రోజన్ చాలా తక్కువ కాబట్టి. మాల్ట్ వోర్ట్‌లో నైట్రోజన్‌కు కొదవ లేదు. ఒకవేళ రెండూ వాడినా ఒకే సీసాలో మాత్రం కలపకండి, ఫాస్ఫేట్ జింక్‌ను పట్టుకుని తెల్లటి మడ్డిగా దింపేస్తుంది. జింక్, డి.ఏ.పి. కలిపి చల్లకూడదని మా ఊళ్లో ఏ రైతునడిగినా చెబుతాడు. పాత ఈస్ట్‌ను మరిగించి వేసే పద్ధతి పైసా ఖర్చు లేనిదే గానీ, అందులో జింక్ ఎంతుందో మీ పాత ఈస్ట్ ఎంత మేసిందో దాన్ని బట్టే. ఆకలితో చచ్చినదాన్ని ఆకలిగా ఉన్నదానికి పెట్టి ఏం లాభం? ఇంకొకతను మెడికల్ షాపులో పిల్లల విరేచనాలకు ఇచ్చే 20 మిల్లీగ్రాముల జింక్ బిళ్లలు అయిదు వేస్తే సరిపోతుంది కదా అన్నాడు. లెక్క సరిగ్గానే ఉంది తమ్ముడూ, కానీ అందులో తీపి, ఫ్లేవరు కలిపి ఉంటాయి.

జింక్ వేసినా దిగని బ్యాచ్‌లు ఉంటాయి. అప్పుడు ఇంకో డోసు పోయకండి. ఆక్సిజన్ సరిగ్గా పట్టారా, ఈస్ట్ తక్కువ వేశారా, టెంపరేచర్ పడిపోయిందా చూడండి. చేస్తున్నప్పుడే చూసుకోవాల్సినవి ఇవి, జింక్ వీటికి బదులు కాదు.

ఏ తరం నుంచి వేయాలంటే, నేను మొదటి ప్యాకెట్ బ్యాచ్‌కు వేయను, రెండో తరం నుంచి ప్రతి బ్యాచ్‌కు 0.2 లెక్కన వేస్తాను. ఎనిమిదో తరం దాటాక జింక్ ఎంత పోసినా ఆ మడ్డి నాకొద్దు, డ్రైన్‌లోకి వదిలేసి కొత్త ప్యాకెట్ కోస్తాను. సీసా మీద తేదీ, హెప్టాహైడ్రేట్ అన్న మాట రెండూ రాసి పెట్టండి. మా దాని మీద ఎవరో "తాగొద్దు" అని కూడా రాశారు, అదీ మంచిదే.