గ్నోమ్, ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ: మూడింటితో కాపురం చేశాక

గ్నోమ్, ప్లాస్మా, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనేవి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో వాడే డెస్క్‌టాప్‌లు, అంటే తెరమీద కనిపించే ప్యానెళ్ళు, మెనూలు, కిటికీల అమరికలు. నేను లినక్స్‌లోకి వచ్చింది దానిలో ఒక రకమైన ఉబుంటు 10.04తో. గ్నోమ్ రెండో వెర్షన్ నడుస్తున్న రోజులవి. పైనో ప్యానెల్, కిందో ప్యానెల్, అంతే. 2011లో గ్నోమ్ 3 వచ్చి ఆ అమరికంతా మార్చేసింది. అదే ఏడాది ఉబుంటు యూనిటీ అనే తన సొంత డెస్క్‌టాప్‌కి వెళ్ళిపోయింది. పాత గ్నోమ్‌ని వదల్లేనివాళ్ళ కోసం మాటే (MATE) అనే డెస్క్‌టాప్ పుట్టిందీ అప్పుడే. నేను ఎక్స్‌ఎఫ్‌సీఈకి పారిపోయి, కొన్నేళ్ళకు మళ్ళీ గ్నోమ్‌కి వచ్చి, చివరికి ప్లాస్మాలో కుదురుకున్నాను.

రోజంతా తెలుగు ప్రూఫులు దిద్దే పని నాది. అందుకే డెస్క్‌టాప్ ఏదైనా ముందు చూసేది తెలుగు టైపింగే. ఆ విషయంలో గ్నోమ్‌కి సాటి లేదు. కీబోర్డ్ సెట్టింగుల్లో తెలుగు చేర్చి సూపర్ (విండోస్ గుర్తున్న కీ), స్పేస్ కలిపి నొక్కితే చాలు, భాష మారుతుంది. భాషల టైపింగ్ చూసే ఐబస్ అనే ప్రోగ్రామ్ లోపలే కలిసిపోయి ఉంటుంది, విడిగా తిప్పలు పడక్కర్లేదు. సూపర్ కీ నొక్కి రెండక్షరాలు కొట్టి ప్రోగ్రామ్ తెరవడం మొదట్లో చిరాకనిపించినా, తర్వాత అదే అలవాటైపోతుంది.

చిక్కంతా ఎక్స్‌టెన్షన్లతోనే, అంటే అదనపు సౌకర్యాల కోసం బయటివాళ్ళు రాసిచ్చే చిన్న ప్రోగ్రాములతో. గ్నోమ్ ఆర్నెల్లకోసారి కొత్త వెర్షన్ ఇస్తుంది. ఎక్స్‌టెన్షన్ రాసినాయన దానికి తగ్గట్టు సవరించేదాకా అది పనిచేయదు. ఒకసారి రేపు ప్రూఫులు పంపాలనగా ఇవాళ అప్‌గ్రేడ్ చేశాను. కాపీ చేసినవన్నీ దాచిపెట్టే ఎక్స్‌టెన్షన్ కాస్తా ఆగిపోయింది. తప్పు నాదే, కానీ ఆ రాత్రి టెన్షన్ మాత్రం మర్చిపోలేను.

ప్లాస్మాలో ఆ పనికి ఎక్స్‌టెన్షనే అక్కర్లేదు. సూపర్, వి నొక్కితే కాపీ చేసినవన్నీ వరసగా కనిపిస్తాయి. ఫైళ్ళు చూసుకునే డాల్ఫిన్ ప్రోగ్రామ్‌లో ఎఫ్3 కొడితే కిటికీ రెండుగా చీలుతుంది: ఎడమవైపు పాత ప్రూఫుల ఫోల్డర్, కుడివైపు కొత్తవి. రోజుకి యాభైసార్లు వాడతాను. తెలుగు దగ్గర మాత్రం ఏడిపించింది. వేలాండ్‌లో (కిటికీలను తెరమీద చూపించే కొత్త పద్ధతి) ఐబస్‌లాంటిదే అయిన ఎఫ్‌సీఐటీఎక్స్5 వేసుకున్నాక, దాన్ని వర్చువల్ కీబోర్డ్ అనే పేజీలో ఎంచుకోవాలట! నా ముందున్నది అసలు కీబోర్డే కదా అని ఆ పేజీ తెరవనేలేదు. రెండు గంటలు పోయాయి. ఇక ప్రతిదానికీ ఓ సెట్టింగు ఉంటుంది కాబట్టి, మొదటి వారం పని మానేసి రంగులు మార్చుకుంటూ కూర్చున్నాను.

ఎక్స్‌ఎఫ్‌సీఈ ఇప్పుడు నాన్నగారి 4 జీబీ ల్యాప్‌టాప్‌లో ఉంది. అంతకుముందు అందులో గ్నోమ్ వేస్తే, "కిందకి దించే గీత ఏదిరా?" అని అడిగారు. మినిమైజ్ బటన్ గ్నోమ్‌లో మామూలుగా ఉండదు, మనమే తెప్పించుకోవాలి. కొత్త వెర్షన్ల విషయంలో ఎక్స్‌ఎఫ్‌సీఈది నత్తనడక అంటారు. 4.12 వచ్చింది 2015లో, 4.14 వచ్చింది 2019లో. నాన్నగారికి కావలసింది అదే: నిన్న ఉన్నది ఇవాళా అక్కడే ఉండాలి. ఒక్క లోపం, కిటికీ అంచు దారమంత సన్నం, మౌస్‌కి ఓ పట్టాన చిక్కదు. ఆల్ట్ పట్టుకుని కుడి బటన్‌తో లాగితే సైజు మారుతుందని ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినరు. టైటిల్ మీద రెండుసార్లు నొక్కి స్క్రీనంతా నింపేసుకుంటారు.

ఎక్స్‌ఎఫ్‌సీఈ 4.20లో వేలాండ్‌కి ప్రయోగాత్మకంగా దారి తెరిచారు. నాన్నగారి మెషీన్‌లో దాని జోలికి పోలేదు. వేలాండ్‌కి ముందునుంచీ ఉన్న ఎక్స్11 మీదే హాయిగా నడుస్తోంది.