ఖాళీ డిస్క్ లిస్టు: విండోస్ 11 సెటప్ తడబడే ఆ ఒక్క స్క్రీన్

విండోస్ 11 సెటప్‌లో భాష, కీబోర్డు, ఎడిషన్ ఎంచుకునే భాగాల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అన్నీ సాఫీగానే నడుస్తాయి. తేడా వచ్చేది ఎక్కడ ఇన్‌స్టాల్ చేయాలో అడిగే స్క్రీన్ దగ్గర. ఎస్‌ఎస్‌డీ పేరు, సైజు కనబడాల్సిన చోట ఖాళీ పెట్టె ఉంటుంది. డ్రైవ్‌లేవీ దొరకలేదు, స్టోరేజ్ డ్రైవర్ కావాలంటే లోడ్ డ్రైవర్ నొక్కండి అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది. అది చూసి ఎస్‌ఎస్‌డీ పోయిందనుకుని లాప్‌టాప్ అడుగు భాగం స్క్రూలు విప్పేవాళ్లు ఎందరో. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న మెషీన్లలో అయితే ఎక్కువసార్లు డిస్కు నిక్షేపంగానే ఉంటుంది.

స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు బయోస్‌లోకి, అంటే విండోస్ లేవక ముందు వచ్చే మెషీన్ సెట్టింగుల మెనూలోకి, వెళ్లి చూడండి. అక్కడ డిస్కు మోడల్ పేరు, సైజు కనబడితే కేబులూ స్లాటూ బాగానే ఉన్నట్టు, లోపం డ్రైవర్‌ది. ఎన్‌వీఎంఈ (ఇప్పటి వేగవంతమైన ఎస్‌ఎస్‌డీలు వాడే పద్ధతి) జాబితా ఖాళీగా ఉందని వెంటనే తేల్చేయకండి. ఇంటెల్ వారి వీఎండీ అనే సదుపాయం (దాని సంగతి కింద చెబుతాం) ఆన్‌లో ఉంటే కొన్ని బయోస్‌లలో డిస్కు ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ (ఆర్‌ఎస్‌టీ) అనే వేరే మెనూలో, రెయిడ్‌లో (కొన్ని డిస్కులను ఒక్కటిగా కట్టే పద్ధతి) లేని డిస్కుల కింద కనబడుతుంది. అక్కడ కూడా లేకపోతే అప్పుడు హార్డ్‌వేర్ సంగతి చూడాలి.

వీఎండీ అంటే వాల్యూమ్ మేనేజ్‌మెంట్ డివైజ్. మొదట సర్వర్ల కోసం వచ్చి, 11వ తరం నుంచి లాప్‌టాప్‌లలోకి దిగింది. చాలా మోడళ్లలో ఫ్యాక్టరీ నుంచే ఆన్‌లో ఉండి వస్తుంది. ఇది ఆన్‌లో ఉంటే ఎస్‌ఎస్‌డీ నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ కంట పడదు. పీసీఐ బస్ (లోపలి భాగాలు ప్రాసెసర్‌తో మాట్లాడే దారి) మీద వీఎండీ కంట్రోలర్ ఒక్కటే కనబడుతుంది, ఎస్‌ఎస్‌డీ దాని వెనక ఉంటుంది. విండోస్‌కు 8.1 నుంచి సొంత ఎన్‌వీఎంఈ డ్రైవర్ ఉంది. అయితే అది వెతికేది ఎన్‌వీఎంఈ కంట్రోలర్‌ను, ఇక్కడ అది బయటికి కనబడదు కాబట్టి లిస్టు ఖాళీ. తలుపు తెరవాలంటే ఇంటెల్ వారి వీఎండీ డ్రైవర్ ఇవ్వాల్సిందే.

సెటప్ మీద మా ప్రధాన ఫిర్యాదు ఇక్కడే. వీఎండీ కంట్రోలర్ బస్ మీద స్పష్టంగా ఉంది, దాన్ని గుర్తించే కోడ్, అంటే డివైజ్ ఐడీ, కూడా తెలుస్తుంది. మీ మెషీన్‌లో ఫలానా కంట్రోలర్ ఉంది, దాని డ్రైవర్ కావాలి అని ఒక్క వాక్యం రాస్తే ఎంతమందికి ఒక రోజు మిగిలేదో! లైనక్స్ ఈ పని చేసి చూపించింది. ఆర్‌ఎస్‌టీ రెయిడ్ మోడ్‌లో ఎన్‌వీఎంఈని సాటా (పాత తరహా డిస్కు కనెక్షన్) కంట్రోలర్ వెనక దాచే పాత మెషీన్లలో లైనక్స్ కెర్నెల్‌కు (ఆ సిస్టమ్ మూలభాగం) కూడా ఆ డిస్కు అందదు. కానీ కెర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్ కమాండ్ కొట్టి చూస్తే, ఇన్ని ఎన్‌వీఎంఈ డివైజ్‌లు దాగి ఉన్నాయి, వాడాలంటే బయోస్‌లో రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకి (రెయిడ్ లేని మామూలు మోడ్) మార్చండి అని రాసి ఉంటుంది. ఇక వీఎండీకైతే లైనక్స్‌లో 2016లో వచ్చిన 4.5 కెర్నెల్ నుంచే డ్రైవర్ ఉంది. అందుకే కొత్త లైనక్స్ లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిపేది) ఒకటి దగ్గర ఉంచుకోవడం మంచిది. అందులో బూట్ అయి డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్ కొట్టగానే డిస్కు కనబడిందా, ఎస్‌ఎస్‌డీ మీద అనుమానం తీరిపోయినట్టే.

లోడ్ డ్రైవర్ బటన్ మాత్రం బాగా పనిచేస్తుంది, సరైన ఫైళ్లు ఇస్తే. ఎక్కువమంది తప్పు చేసేది ఆ ఫైళ్ల దగ్గరే. ఇంటెల్ సైట్ నుంచి దిగేది సెటప్‌ఆర్‌ఎస్‌టీ అనే ఈఎక్స్‌ఈ. దాన్ని అలాగే యూఎస్‌బీలో వేసి బ్రౌజ్ చేస్తే సంతకం ఉన్న డ్రైవర్లేవీ లేవంటుంది, ఎందుకంటే సెటప్‌కు కావాల్సింది డ్రైవర్ వివరాలుండే విడి ఐఎన్‌ఎఫ్ ఫైలు. ఇంకో విండోస్ మెషీన్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఆ ఈఎక్స్‌ఈ పేరు తర్వాత ఖాళీ వదిలి, హైఫన్ పెట్టి ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ అని ఒకే పదంగా, మళ్లీ ఖాళీ వదిలి ఒక ఫోల్డర్ పేరు కొట్టండి. ఆ ఫోల్డర్‌లో ఎఫ్6 అని మొదలయ్యే వీఎండీ ఫోల్డర్ దొరుకుతుంది. ఎక్స్‌పీ రోజుల్లో ఎఫ్6 నొక్కి ఫ్లాపీ నుంచి డ్రైవర్ ఎక్కించేవాళ్లం కదా, ఆ పేరు ఇంకా మిగిలిపోయింది. ఫోల్డర్‌ను మొత్తంగా ఇన్‌స్టాలర్ యూఎస్‌బీలోకే కాపీ చేయండి, రెండో యూఎస్‌బీ అక్కర్లేదు. ఐఎన్‌ఎఫ్ ఒక్కటే తీసుకుంటే చాలదు, పక్కనున్న ఎస్‌వైఎస్, క్యాట్ ఫైళ్లు కూడా ఉండాలి.

వెర్షన్ కూడా కుదరాలి. డౌన్‌లోడ్ పేజీలో ఏ తరాలకు పనికొస్తుందో రాసి ఉంటుంది, కొత్తదే మంచిదనుకుని తీసుకోకండి. అనుమానముంటే ఐఏస్టోర్‌వీడీ అనే ఐఎన్‌ఎఫ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి మీ డివైజ్ ఐడీ వెతకండి. 11వ తరం లాప్‌టాప్‌లకు 9ఏ0బీ, 12వ తరానికి 467ఎఫ్. ఆ ఐడీ అందులో లేకపోతే ఎన్నిసార్లు లోడ్ చేసినా లిస్టు ఖాళీయే. సెటప్‌లో సరిపడని డ్రైవర్లను దాచే టిక్ ఒకటి ఉంటుంది, దాన్ని తీసేయకండి. తీసేస్తే అన్ని పేర్లూ కనబడి సరైనది దొరికిందన్న భ్రమ కలుగుతుంది. డ్రైవర్ ఎక్కాక కూడా డిస్కు రాకపోతే రిఫ్రెష్ నొక్కండి. అప్పటికీ రాకపోతే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కి విండోస్ డిస్కుల కమాండ్ టూల్ డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ డిస్క్ కొట్టి చూడండి.

రెండో దారి బయోస్‌లో వీఎండీ ఆపేయడం. ఒకే ఎస్‌ఎస్‌డీ ఉన్న మెషీన్‌లో అంతా తుడిచి కొత్తగా వేసుకునేవాళ్లకు మేం చెప్పేది ఇదే, ఐదు నిమిషాల పని. ఏసర్ లాప్‌టాప్‌లలో ఆ ఆప్షన్ మామూలుగా కనబడదు, మెయిన్ ట్యాబ్‌లో ఉండి కంట్రోల్, ఎస్ కలిపి నొక్కితే బయటికొస్తుంది. డెల్‌లో స్టోరేజ్ కింద రెయిడ్ ఆన్ అని ఉన్నదాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. కొన్ని మోడళ్లలో అసలు ఆ ఆప్షనే ఉండదు, అప్పుడు డ్రైవరే గతి.

డిస్కులో ఇప్పటికే వాడుతున్న విండోస్ ఉంటే మాత్రం దీని జోలికి తొందరపడి వెళ్లకండి. ఆ విండోస్ ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైజ్ అనే బ్లూ స్క్రీన్‌తో ఆగిపోతుంది. స్విచ్ మళ్లీ వెనక్కి తిప్పితే మామూలుగా లేస్తుంది, కానీ డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ అడగొచ్చు. ఆ 48 అంకెలు ముందే చేతిలో ఉండాలి. రెండు డిస్కులతో రెయిడ్ కట్టి ఉంటే, ఇంటెల్ ఆప్టేన్ మెమరీ (డిస్కు వేగం పెంచేది) వాడుతుంటే బ్యాకప్ లేకుండా ముట్టుకోనేకూడదు.

ఏఎమ్‌డీ మెషీన్లలో ఈ గొడవ తక్కువ. బయోస్‌లో రెయిడ్ పెట్టుకున్నవాళ్లకే వస్తుంది. వాళ్లు ఆర్‌సీబాటమ్, ఆర్‌సీరెయిడ్, ఆర్‌సీసీఎఫ్‌జీ అనే మూడు డ్రైవర్లను ఇదే వరసలో ఎక్కించాలి.

డిస్కు లిస్టులో కనబడి, ఎంచుకోనివ్వకపోతే అది వేరే జబ్బు. యూఈఎఫ్‌ఐలో (కొత్త తరహా బయోస్ మోడ్) బూట్ అయి ఎంబీఆర్ (పాత తరహా పార్టిషన్ పద్ధతి) డిస్కు మీద వేయబోతే సెటప్ ఒప్పుకోదు. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ (డిస్కును ఖాళీ చేసేది), తర్వాత కన్వర్ట్ జీపీటీ (కొత్త పార్టిషన్ పద్ధతికి మార్చేది) కొడితే తీరుతుంది. క్లీన్ కొట్టే ముందు ఏ డిస్కు నంబర్ ఎంచుకున్నారో రెండుసార్లు చూసుకోండి, అది మళ్లీ అడగదు. మీడియా డ్రైవర్ లేదు అనే సందేశం కూడా చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. అక్కడ ఎక్కువగా చిక్కు ఇన్‌స్టాలర్ ఉన్న యూఎస్‌బీతోనే. పోర్టు మార్చండి, వీలైతే యూఎస్‌బీ 2.0 పోర్టులో పెట్టండి, లేదా యూఎస్‌బీని మళ్లీ తయారు చేయండి.

ఇక బయోస్‌లోనే డిస్కు లేకపోతే ఏ సెటప్‌నూ తిట్టి లాభం లేదు. ఎం.2 స్లాటులో (చిన్న పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీలు పెట్టే చోటు) పట్టింది కదా అని పనిచేస్తుందనుకోకూడదు. ఎన్‌వీఎంఈ మాత్రమే తీసుకునే స్లాటులో సాటా ఎం.2 డిస్కు చక్కగా కూర్చుంటుంది, ఎన్నటికీ కనబడదు. అంచున రెండు గాట్లుంటే అది సాటా కావొచ్చు, లేబుల్ చదవండి. డెస్క్‌టాప్ బోర్డుల్లో ఎం.2 డిస్కు పెట్టగానే ఒకటో రెండో సాటా పోర్టులు ఆగిపోయేవి ఉన్నాయి, ఏ పోర్టులో మాన్యువల్‌లో ఉంటుంది. 3.5 అంగుళాల హార్డ్ డిస్కు పవర్ ఇచ్చినా తిరగడమే లేదంటే, సాటా పవర్‌లోని 3.3 వోల్టుల పిన్‌కు కరెంటు అందితే ఆగిపోయే రకమేమో చూడండి. మోలెక్స్ (పాత రకం పవర్ కనెక్టర్) నుంచి సాటాకు మార్చే కేబుల్‌లో ఆ 3.3 వోల్టుల లైను ఉండదు కాబట్టి, దానితో పెడితే అలాంటి డిస్కు తిరగడం మొదలుపెడుతుంది.