సుత్తి దెబ్బ ఒకచోట, పట్టించుకోని ప్రశ్న మరోచోట

టీవీ పిల్లల్ని చెడగొడుతుందా? అమెరికా కార్టూన్ సీరియల్ ‘ది సింప్సన్స్’ 1990లోనే ఈ ప్రశ్నను సూటిగా ఎత్తుకుంది. అందులో ఇచ్చీ-స్క్రాచీ అనే ఎలుకా-పిల్లుల హింసాత్మక కార్టూన్ చూసిన పసిపాప మ్యాగీ, తండ్రి తలమీద సుత్తితో మోదుతుంది. తల్లి మార్జ్ ఉద్యమం నడిపి గెలుస్తుంది. కొట్టుకుచచ్చే పిల్లీ ఎలుకా నిమ్మరసం పంచుకుంటాయి. విసుగెత్తిన పిల్లలు టీవీ కట్టేసి ఆటలకు పోతారు. అంటే ఆమె వాదన నిజమే! చిక్కంతా ఆ తర్వాత. మైకెలాంజెలో ‘డేవిడ్’ నగ్నంగా ఉందని తోటి ఉద్యమకారులు అడ్డుపడితే మార్జ్ వాళ్ల పక్షాన నిలబడలేదు. కార్టూన్‌ను ఆపించి, విగ్రహాన్ని వెనకేసుకురావడం ఎలా? హింస మళ్లీ తెరకెక్కుతుంది.

మరో అమెరికా కార్టూన్ సీరియల్ ‘సౌత్ పార్క్’ 1997 నాటి ‘డెత్’ ఎపిసోడ్‌లో ఇంత తర్కం వెతక్కండి. బూతు కార్టూన్ ఆపాలంటూ పెద్దలు న్యూయార్క్ వెళ్లి, ఛానెల్ భవనానికేసి తమనే విసురుకుని చస్తుంటారు. ఇక్కడ ఇంటి దగ్గరేమో స్టాన్ అనే పిల్లాణ్ణి, తనను చంపెయ్యమని తాతే వేధిస్తుంటాడు. అది తప్పా అని వాడు ఎవరినడిగినా జవాబు దాటేస్తారు. నవ్వు మోటుగా ఉన్నా, గురి మాత్రం టీవీ మీద కాదు, ఇంట్లో లేని పెద్దల మీద.

వాదనగా మొదటిదే గట్టిది; రెండోదానిలో తల్లిదండ్రులు ఉత్త అట్టబొమ్మలు.