నెట్ వ్యాసాలకు శుభ్రమైన ప్రింట్: రీడర్ వ్యూతో కొన్నేళ్ల అనుభవం

నెట్‌లో కనిపించిన వ్యాసాన్ని కాగితం మీద చదువుకోవాలనుకునేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. నల్లగొండలో జిరాక్స్ షాపు నడిపే మనిషిగా ఈ మాట గట్టిగా చెప్పగలను. బత్తాయి తోటల రైతులు బంక తెగులు మీద ఎవరో పంపిన లింకు పట్టుకొని వస్తారు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు తెలంగాణ చరిత్ర వ్యాసాలు తీయించుకుంటారు. రిటైరైన సార్లు సురవరం ప్రతాపరెడ్డి గారి గురించి, 1926లో ఆయన మొదలుపెట్టిన గోలకొండ పత్రిక గురించి ఎక్కడ ఏది కనిపించినా తీయించి ఫైల్లో పెట్టుకుంటారు. బతుకమ్మ దగ్గర పడితే ఆడవాళ్లు పాటల లింకులు తెచ్చి, "అక్షరాలు పెద్దగ రావాలె తమ్మీ, మాపటికి లైటు వెలుగుల చూసుకుంట పాడాలె" అంటారు. వీళ్లందరికీ కావలసింది ఒక్కటే. రాసిన మనిషి రాసింది మాత్రమే రావాలి, చదవడానికి వీలుగా ఉండాలి, తక్కువ పేజీల్లో అయిపోవాలి.

ఆ పనికి కొన్నేళ్లుగా నేను వాడుతున్నది ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ఉండే రీడర్ వ్యూ. డబ్బు కట్టే పని లేదు, విడిగా దింపుకోవాల్సింది కూడా లేదు. వ్యాసం తెరిచాక పైన అడ్రస్ బార్‌లో చిన్న కాగితం బొమ్మ కనిపిస్తుంది. అది నొక్కినా, విండోస్ కంప్యూటర్లో ఎఫ్9 కీ కొట్టినా మెనూలు, యాడ్స్, పక్క గడులు పోయి శీర్షిక, రాసినవారి పేరు, వ్యాసం, అందులోని ఫొటోలు మిగులుతాయి. అక్కడి నుంచి ప్రింట్ ఇవ్వడమే. మా షాపులో నెట్ వ్యాసం ఏది వచ్చినా ముందు ఇదే చేస్తాం.

దీని విలువ తెలియాలంటే ఒకసారి రీడర్ వ్యూ లేకుండా ప్రింట్ ప్రివ్యూ చూడండి. మొదటి పేజీ సగం సైటు పేరు, మెనూలే తింటాయి. పేరాకు పేరాకు మధ్య "ఇవి కూడా చదవండి" అని గడులు. తెర కింది భాగంలో కదలకుండా నిలబడే పట్టీ ఉంటే అది ప్రతి పేజీలోనూ అదే చోట అచ్చయి రెండు మూడు లైన్ల వ్యాసాన్ని కప్పేస్తుంది. చివరి పేజీలో షేర్ బటన్లు తప్ప ఇంకేమీ ఉండవు. రెండు మూడు పేజీల్లో అయిపోయే వ్యాసం తొమ్మిది పేజీలకు పాకుతుంది. పేజీ లెక్కన డబ్బులు తీసుకునే షాపుకు అది లాభమే కదా అని కొందరు అంటారు. దేవరకొండ వైపు నుంచి పొలం పని వదులుకొని బస్సెక్కి వచ్చిన రైతు దగ్గర యాడ్స్ అచ్చేసిన కాగితాలకు డబ్బు తీసుకోవడానికి నాకు మనసొప్పదు.

రీడర్ వ్యూ వెనకున్న ఆలోచన పాతదే. 2009లో ఆర్క్90 అనే సంస్థ రీడబిలిటీ పేరుతో ఇలాంటి పనిముట్టు తెచ్చింది. 2010లో యాపిల్ వాళ్ల బ్రౌజర్ సఫారీలో రీడర్ వచ్చింది. కంప్యూటర్ ఫైర్‌ఫాక్స్‌లోకి 2015లో చేరింది, అది కూడా రీడబిలిటీ కోడ్ మీద కట్టిందే. పేజీలో అసలు వ్యాసం ఏదో అది అంచనా వేసుకుంటుంది. పొడవైన పేరాలు, కామాలు ఉన్న భాగానికి ఎక్కువ మార్కులు వేస్తుంది, లింకులు గుంపుగా ఉన్న భాగానికి మార్కులు తగ్గిస్తుంది. అంచనా కాబట్టి, రాసినవాళ్లు వ్యాసాన్ని సరిగా పేరాలుగా పెట్టకపోతే కాగితం బొమ్మే కనిపించదు. ఇది తెలిసి వాడితే ఇబ్బంది లేదు.

తెలుగుకు వచ్చేసరికి అసలు పరీక్ష అక్షరం దగ్గరే. ఈ మధ్య చాలా సైట్లు అక్షరాలను బూడిద రంగులో పెడుతున్నాయి. తెర మీద అది కంటికి హాయిగానే ఉంటుంది. కానీ నలుపు మాత్రమే ఉండే లేజర్ ప్రింటర్‌కు బూడిద రంగు వేయడం రాదు, నల్ల చుక్కలను దూరం దూరంగా వేసి బూడిదలా కనిపించేలా చేస్తుంది. దాంతో అక్షరం అంచులు చెదిరిపోతాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో నిలువు గీతలు ఎక్కువ కాబట్టి కొంత తట్టుకుంటాయి. మన ఒత్తులు, సుడులు చిన్నవి, వంపులు ఎక్కువ. పదకొండు పాయింట్ల సైజులో బూడిద రంగు తెలుగు లేజర్ మీద తీస్తే ఒత్తు ఏదో పొల్లు ఏదో పెద్దవాళ్ల కళ్లకు ఆనదు. రీడర్ వ్యూలో లైట్ థీమ్ పెట్టుకుంటే సైటు ఇచ్చిన రంగులు పోయి తెల్లటి కాగితం మీద ముదురు అక్షరం వస్తుంది. నాకు ఇది అన్నిటికన్నా పెద్ద ఉపకారం. కొన్ని ప్రింటర్ల డ్రైవర్లలో అక్షరాలన్నీ నలుపులోనే అచ్చు వేయమనే ఆప్షన్ ఉంటుంది, అది కూడా ఆన్ చేసి పెట్టుకుంటే మంచిది.

లైన్ల మధ్య ఎడం ఇంకో సంగతి. ఇంగ్లిష్‌కు సరిపోయే ఎడం తెలుగుకు చాలదు. పై లైన్లో కింద వేలాడే ఒత్తు, కింది లైన్లో పైకి లేచే గుడి ఒకదానికొకటి తగులుతాయి. రీడర్ వ్యూలో లైన్ స్పేసింగ్ పెంచే వీలుంది, ఒకటి రెండు మెట్లు పెంచితే చాలు. ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఫాంట్ల దగ్గర అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్తే తెలుగుకు విడిగా ఫాంట్ ఎంచుకోవచ్చు. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ పని నడుపుతుంది. నేను ఉచితంగా దొరికే మండలి, నోటో సాన్స్ తెలుగు రెండూ వేసుకున్నాను. పెద్దవాళ్లకు తీసేటప్పుడు మండలి, ఎక్కువ విషయం తక్కువ పేజీల్లో ఇమడాలంటే నోటో. బతుకమ్మ పాటలకు ప్రింట్ సెట్టింగ్స్‌లో స్కేల్ నూట నలభై దాకా పెంచుతాను. పాట పల్లవి ఒక పేజీలో, చరణం వెనక పేజీలో పడితే చప్పట్లు కొడుతూ తిరిగే మనిషికి కాగితం తిప్పడం కుదరదు. అందుకే ఒక పాట ఒక వైపే అయిపోయేలా సైజు చూసుకుంటాను.

దీనికి ముందు కొంతకాలం ఒక ఉచిత సైటు వాడాను. లింకు అతికిస్తే వ్యాసం శుభ్రం చేసి పీడీఎఫ్ ఇస్తుంది. అక్కర్లేని పేరాను, ఫొటోను ఒక క్లిక్‌తో తీసేసే వీలు దానిలో నిజంగా బాగుంది, రీడర్ వ్యూలో అది లేదు. కానీ తెలుగు పీడీఎఫ్ చేసినప్పుడు ఒత్తులు విడిపోయేవి. "పుస్తకం" అన్న మాటలో సకారానికి పొల్లు వచ్చి తకారం పక్కన విడిగా నిలబడేది. తెలుగులో హల్లులు కలిసినప్పుడు ఏ రూపం వేయాలో ఫాంట్‌లో నియమాలుంటాయి. పీడీఎఫ్ చేసే సాఫ్ట్‌వేర్ ఆ నియమాలను పట్టించుకోకపోతే ఇలా అవుతుంది. బ్రౌజర్ తెర మీద ఎలా చూపిస్తుందో ప్రింట్‌కు కూడా అలాగే పంపుతుంది కాబట్టి, రీడర్ వ్యూ నుంచి ప్రింట్ ఇచ్చి ప్రింటర్ పేరు బదులు "సేవ్ టు పీడీఎఫ్" ఎంచుకుంటే అక్షరాలు చెక్కుచెదరవు. తెలుగు పీడీఎఫ్ కావాలంటే ఇదే దారి అని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడు జాగ్రత్త పడాల్సిన చోటు. ఒక రైతు తెచ్చిన వ్యాసం బంక తెగులుకు చెట్టు మొదలుకు పూసే బోర్డో పేస్టు గురించి. కొలతలను మాత్రం ఆ పేజీ చేసినవాళ్లు వ్యాసంలో కాకుండా పక్కన రంగు గడిలో పెట్టారు. పేరాలను చూసి ఏరుకునే పద్ధతిలో పక్క గడి రాదు. బోర్డో పేస్టుకు కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు కావాలి. ఆకుల మీద కొట్టే ఒక శాతం బోర్డో మిశ్రమానికి కూడా అవే కిలో, కిలో. నీళ్లు మాత్రం 100 లీటర్లు. ఆ గడి లేని కాగితం ఇంటికి తీసుకెళ్తే ఆ రైతు ఎవరినో అడిగి, గుర్తున్నంత వరకు కలుపుతాడు. పేస్టు కొలతతో కలిపింది ఆకుల మీద కొడితే తోట ఏం కావాలి? అందుకని మా షాపులో పనిచేసే అబ్బాయికి కూడా ఇదే చెప్పాను, మందులు, మోతాదులు, పరీక్ష తేదీలు, ఫీజులు ఉన్న వ్యాసమైతే అసలు పేజీని ఇంకో ట్యాబ్‌లో తెరిచి పక్కపక్కన పెట్టి చూడాలి. ఏదైనా తప్పిపోతే మౌస్‌తో కావలసినంత సెలెక్ట్ చేసి, ప్రింట్ సెట్టింగ్స్‌లో సెలెక్ట్ చేసిన భాగం మాత్రమే అని పెట్టి తీయాలి. ఈ పద్ధతిలో అందం కొంచెం తగ్గుతుంది, విషయం మాత్రం పోదు. ఫొటోలు కిందికి జరిపితేనే లోడ్ అయ్యే పేజీలు కూడా ఉంటాయి. అలాంటివి చివరిదాకా ఒకసారి జరిపి చూసుకున్నాకే ప్రింట్ ఇవ్వాలి, లేకపోతే ఫొటో ఉండాల్సిన చోట ఖాళీ వస్తుంది.

హెడర్స్, ఫుటర్స్ అన్న టిక్కును చాలామంది తీసేస్తారు, కాగితం నీటుగా ఉంటుందని. నేను తీయను. పేజీ అంచున లింకు చిరునామా, పేజీ నంబరు, తేదీ పడతాయి. ఫైల్లో దాచుకునే సార్లకు ఆ చిరునామా లేకపోతే ఇది ఎక్కడిదో తర్వాత తెలియదు. అయితే ఆ తేదీ ప్రింట్ తీసిన రోజుది, వ్యాసం రాసిన రోజుది కాదు. రాసినవాళ్లు తమ తేదీని వ్యాసంలో పెట్టకపోతే చదివేవాళ్లు మోసపోతారు. మన జిల్లా సంగతే తీసుకోండి. 2016 అక్టోబర్‌లో పాత నల్లగొండ జిల్లా నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ కూడా అప్పుడే ముక్కలైంది. అంతకు ముందు రాసిన వ్యాసంలో "నల్లగొండ జిల్లాలోని భువనగిరి కోట" అని ఉంటుంది. తేదీ లేని కాగితం చేతికి వస్తే గ్రూప్స్ చదివే పిల్లవాడు దాన్ని ఇప్పటి సంగతి అనుకుని రాసుకుంటాడు.

అందుకే నెట్‌లో తెలుగు రాసేవాళ్లకు నా విన్నపం. వెబ్ పేజీ ఎలా కనిపించాలో చెప్పే భాష సీఎస్ఎస్. ప్రింట్ కోసం పేజీని వేరే రూపంలో చూపించే ఏర్పాటు అందులో 1998 నుంచే ఉంది. మీ సైటు చేసిపెట్టిన కుర్రవాడిని అడిగితే కాసేపట్లో రాసిస్తాడు. మెనూలు, యాడ్స్ ప్రింట్‌లో కనిపించకూడదు, అక్షరం పూర్తి నలుపులో రావాలి, శీర్షిక పేజీ అడుగున ఒంటరిగా మిగిలి పేరా వెనక పేజీకి పోకూడదు, పట్టికలో ఒక వరుస రెండు పేజీలుగా చీలకూడదు. ఈ నాలుగూ ఉంటే నాలాంటి వాడి అవసరం కూడా తగ్గుతుంది. సురవరం వారు 1934లో 354 మంది తెలంగాణ కవులను ఒక్క సంచికలోకి చేర్చారు. అలాంటి జాబితా మీద రాసిన వ్యాసంలో కవి పేరు ఒక కాగితం మీద, ఆయన ఊరు ఇంకో కాగితం మీద పడితే చదివే సారుకు ఎంత బాధ! పట్టికను ఫొటోగా పెట్టకండి, అది ప్రింట్‌లో అలుక్కుపోతుంది. కొందరైతే తమ రాతను ఎవరూ ఎత్తుకుపోకూడదని ప్రింట్ ఇస్తే తెల్ల కాగితం వచ్చేలా చేస్తున్నారు. వాళ్ల కష్టం నాకు అర్థమవుతుంది. కానీ ఎత్తుకుపోయేవాడు వేరే దారి వెతుక్కుంటాడు, ఖాళీ కాగితం చేతికొచ్చేది కళ్లజోడు పెట్టుకుని చదువుకుందామని వచ్చిన పెద్దమనిషికే.

ఫోన్ నుంచే పంపేవాళ్లకు కూడా ఒక మాట. స్క్రీన్‌షాట్లు తేవద్దు. మామూలు ఫోన్ తెర అడ్డంగా 1080 చుక్కలు. దాన్ని ఏ4 కాగితం వెడల్పుకు సాగదీస్తే అంగుళానికి సుమారు 130 చుక్కలే పడతాయి, అక్షరం మసకగా వస్తుంది. డార్క్ మోడ్‌లో తీసిన స్క్రీన్‌షాట్ అయితే కాగితం నిండా నలుపే. ఆండ్రాయిడ్‌లో ప్రింట్ సదుపాయం 2013లో వచ్చిన 4.4 నుంచి ఉంది. క్రోమ్‌లో వ్యాసం తెరిచి షేర్‌లోకి వెళ్లి ప్రింట్ నొక్కండి, ప్రింటర్ల జాబితాలో సేవ్ యాజ్ పీడీఎఫ్ ఎంచుకోండి. పీడీఎఫ్‌తో పాటు లింకు కూడా వాట్సాప్‌లో పంపితే మేము రీడర్ వ్యూలో తీసి రెండింటిలో ఏది బాగుంటే అది వేస్తాం. రెండు వైపులా తీయించుకునేవాళ్లు 75 జీఎస్ఎం కాగితం అడగండి. పలచటి కాగితమైతే, ముఖ్యంగా ఇంక్ ప్రింటర్ మీద, వెనక వైపు ఒత్తులు ముందు వైపుకు కనిపిస్తాయి.