కథల పుస్తకం వేసినాక: లైబ్రరీకి ఇచ్చేదా, ఆన్‌లైన్‌లో అమ్మేదా?

500 కాపీలు వేయించి ఇంట్లో మంచం కింద పెట్టుకున్నోడిగా చెప్తా ఉండా, రెండూ చేసి చూసినా.

ఆన్‌లైన్‌లో డబ్బు నేరుగా మన అకౌంట్‌లో పడుతుంది, కానీ ప్యాకింగూ కొరియరూ పోగా మిగిలేది టీ ఖర్చే, అదీ కొనేది మన ఫ్రెండ్సే, రెండు నెలల తర్వాత ఎవరో స్కాన్ చేసి పీడీఎఫ్ గ్రూపుల్లో తిప్పేస్తారు, ఇంక అంతే.

లైబ్రరీ సంగతి వేరే. ఇంటి పన్నులో వంద రూపాయలకి 8 రూపాయలు గ్రంథాలయ పన్ను మనం కడతానే ఉండాం కదా, ఆ లెక్కన అది మనదే. కలకత్తాలో 1972లో పెట్టిన రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ కూడా లైబ్రరీలకి పుస్తకాలు కొనిస్తుంది, మనలాంటోళ్ల వరకు రావడమే కష్టం. నేనైతే తిరుపతిలో ఒక లైబ్రరీకి రెండు కాపీలు ఊరికే ఇచ్చినా. ఆరు నెలల తర్వాత పోయి చూస్తే టేబుళ్ల నిండా గ్రూప్-2, డీఎస్సీ పిల్లోళ్లు, సొంత మెటీరియలు, సొంత వాటర్ బాటిలు. నా పుస్తకం ఒక కాపీ ఇంకా కట్టలోనే, తాడు కూడా విప్పలా! రెండో కాపీ మాత్రం బయటికి పోయుండాది, తేదీల చీటీ మీద మూడు ముద్రలు.

బ్రిటన్‌లో అయితే 1979 చట్టంతో లైబ్రరీలో పుస్తకం తీసుకున్నప్పుడల్లా రాసినోళ్లకి కొంత డబ్బు లెక్కకడతారు. మనకి అదేం లేదు. అయినా నా ఓటు లైబ్రరీకే, ఆ మూడు ముద్రలోళ్లు ఎవరో నాకు తెలీదు మరి.