పెళ్లా, గవర్నెస్ కొలువా?

విక్టోరియా కాలపు ఇంగ్లండులో మధ్యతరగతి అమ్మాయి పుట్టింటి గడప దాటాలంటే ప్రధానంగా రెండే దారులు: పెళ్లి, లేదా గవర్నెస్ కొలువు, అంటే ఉన్నవాళ్ల ఇంట్లో ఉంటూ వాళ్ల పిల్లలకు చదువు చెప్పే ఉద్యోగం.

పెళ్లితో గౌరవం వచ్చేది. కానీ 1870లో చట్టం మారేదాకా భార్య సంపాదించిన ప్రతి పెన్నీ చట్టం దృష్టిలో భర్తదే. బిడ్డల మీద హక్కూ అతనిదే. 1836లో రచయిత్రి కరోలిన్ నార్టన్‌కు భర్త ముగ్గురు కొడుకులనూ దూరం చేశాడు. ఆమె పోరాటంతో 1839లో తల్లులు బిడ్డల కోసం కోర్టుకు వెళ్లే వీలు కల్పిస్తూ చట్టం వచ్చింది. అది స్కాట్లండులో చెల్లదు, పిల్లలను అతను ఉంచింది అక్కడే! 1842లో చిన్నవాడు గుర్రం మీది నుంచి పడ్డాడు. ఆమె చేరేసరికే ప్రాణం పోయింది. ఆ తల్లిని తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

గవర్నెస్‌కు ఏడాదికి ఇరవై, ముప్పై పౌండ్లు. తరచుగా ఒంటరి భోజనం: యజమానుల బల్ల దగ్గర చోటు లేదు, పనివాళ్ల మధ్యా కూర్చోలేదు. ముసలితనంలో దిక్కు లేదు.

అయినా నన్నడిగితే గవర్నెస్ దారే మేలు. ఆ కొద్ది పౌండ్లూ ఆమెవే. నచ్చకపోతే పెట్టె సర్దుకుని వెళ్లిపోవచ్చు. భార్యకు ఆ వీలేదీ? 1857 విడాకుల చట్టం వచ్చాక కూడా విడాకులకు భర్త వ్యభిచారం ఒక్కటే చాలదు, క్రూరత్వమో, వదిలివేయడమో కూడా ఆమే రుజువు చేయాలి.