దూరం నుంచి కంప్యూటర్ బాగుచేయడం: క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్, దానికి తోడుగా బ్రౌజర్ హిస్టరీ

తెనాలిలో ఉండే మా నాన్నగారి కంప్యూటర్‌ను హైదరాబాదు నుంచి చూసుకోవడానికి కొన్నేళ్లుగా క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ వాడుతున్నాను. అవతలి కంప్యూటర్ తెరను మన దగ్గర చూస్తూ దానిని నడిపించే గూగుల్ సాఫ్ట్‌వేర్ ఇది. పింఛను కాగితాలు, బ్యాంకు ఖాతా, కరెంటు బిల్లు, పొద్దున్నే చదివే ఈ-పేపర్లు అన్నీ ఆయనకు ఆ ఒక్క విండోస్ కంప్యూటర్‌లోనే. అది మొరాయిస్తే ఆయన రోజంతా తారుమారవుతుంది. ఇన్నేళ్ల వాడకంలో నాకు బాగా అర్థమైనది ఒకటుంది. రిమోట్ సాఫ్ట్‌వేర్ తెరను ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది గాని, ఆ తెర అలా ఎందుకు తయారైందో చెప్పదు. ఆ సంగతి ఎక్కువసార్లు తెలిసేది బ్రౌజర్ హిస్టరీలో, అంటే తెరిచిన పేజీల జాబితాలో. అందుకే ఈ రెండింటి గురించీ కలిపే రాస్తున్నాను.

విండోస్‌లోనే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్‌ను వదిలి దీనిని ఎంచుకోవడానికి కారణాలున్నాయి. విండోస్ హోమ్ ఎడిషన్ నడుస్తున్న కంప్యూటర్‌లోకి ఆ పద్ధతిలో బయటినుంచి ప్రవేశించడం కుదరదు, దానికి ప్రో ఎడిషన్ ఉండాలి. ప్రో ఉన్నా, ఇంటి రౌటర్‌లో 3389 పోర్టును (ఆ పద్ధతి వాడుకునే ద్వారాన్ని) ఇంటర్నెట్‌కు తెరిచిపెట్టడం క్షేమం కాదని 2019 మే నెలలో బయటపడిన బ్లూకీప్ అనే రిమోట్ డెస్క్‌టాప్ భద్రతా లోపం అందరికీ గట్టిగానే చెప్పింది. పైగా చాలామంది ఇంటర్నెట్ సంస్థల వారు ఒకే పబ్లిక్ ఐపీని (ఇంటర్నెట్ చిరునామాను) అనేక ఇళ్లకు పంచుతున్నందువల్ల, మన రౌటర్‌లో పోర్టు తెరిచినా ఫలితం ఉండకపోవచ్చు. క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్‌కు పోర్టుల జోలికి వెళ్లే పని లేదు. రెండు కంప్యూటర్లూ ముందుగా గూగుల్ సర్వర్ ద్వారా ఒకదానినొకటి కనుక్కుని, వీలైతే నేరుగా, కాకపోతే మధ్యలో ఒక రిలే (సమాచారాన్ని అందించే సర్వర్) ద్వారా మాట్లాడుకుంటాయి. నాన్నగారి కంప్యూటర్‌లో శాశ్వత ప్రవేశం ఏర్పాటుచేసి, కనీసం ఆరంకెలు ఉండాల్సిన పిన్ పెట్టాను. బంధువుల కంప్యూటర్లకు మాత్రం ఒక్కసారికే పనికొచ్చే పన్నెండంకెల కోడ్ పద్ధతి చాలు. అందులో పంచుకుంటున్నవారిని ప్రతి 30 నిమిషాలకూ ఇంకా కొనసాగించాలా అని అడుగుతుంది, అది మంచి ఏర్పాటు.

వాడేవారికి తరచూ ఎదురయ్యే సమస్య, జాబితాలో అవతలి కంప్యూటర్ ‘ఆఫ్‌లైన్’ అని కనిపించడం. నా అనుభవంలో ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పు అరుదు. మొదట చూడవలసినది నిద్రావస్థ, ఎందుకంటే స్లీప్‌లోకి వెళ్లిన కంప్యూటర్‌ను ఇది లేపలేదు. పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను ‘నెవర్’ చేయాలి, తెర మాత్రం ఆరిపోయినా పరవాలేదు. రెండోది కరెంటు. డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే, కరెంటు పోయి వచ్చినప్పుడు దానంతటదే ఆన్ అయ్యే ఏర్పాటు చాలా మదర్‌బోర్డుల బయోస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి మూల సెట్టింగ్స్‌లో) ఉంటుంది, దానిని పెట్టుకోవాలి. శాశ్వత ప్రవేశం విండోస్ సర్వీసుగా (తెర వెనుక పనిచేసే ప్రోగ్రామ్‌గా) నడుస్తుంది కాబట్టి, ఎవరూ పాస్‌వర్డ్ కొట్టకపోయినా లాగిన్ తెర వద్దకే మనం చేరుకోవచ్చు. మూడోది చాలామందికి తట్టనిది, గడియారం. మదర్‌బోర్డు మీది నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోతే కంప్యూటర్ ఏళ్ల వెనకటి తేదీతో లేస్తుంది. అప్పుడు సైట్లు అసలైనవని చూపే భద్రతా సర్టిఫికెట్లు చెల్లవు, సైట్లు తెరుచుకోవు, రిమోట్ కూడా అందదు. అందుకే ఫోన్‌లో నేను ముందుగా అడిగే ప్రశ్న, “నాన్నగారూ, కుడివైపు కింద తేదీ ఎంత చూపిస్తోంది?” అనే. ఇవన్నీ సరిగా ఉన్నా అందకపోతే, సర్వీసెస్ జాబితాలో క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసును రీస్టార్ట్ చేయిస్తాను.

తెలుగు టైపింగ్ విషయం విడిగా చెప్పాలి. కంప్యూటర్ బ్రౌజర్ నుంచి కనెక్ట్ అయినప్పుడు ఇది అక్షరాలను కాక మీటల నొక్కులను పంపుతుంది, కనుక మన దగ్గర ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్ (మీటల అమరిక) ఉన్నా అవతల ఇంగ్లిషు లేఅవుట్ ఉంటే ఇంగ్లిషే పడుతుంది. తెలుగు లేఅవుట్‌ను అవతలి కంప్యూటర్‌లో పెట్టుకోవాలి, లేదా సెషన్ ఆప్షన్లలో క్లిప్‌బోర్డు సింక్‌కు అనుమతినిచ్చి ఇక్కడ రాసిన దానిని అక్కడ పేస్ట్ చేయాలి.

ఇక హిస్టరీ సంగతి. ఒకరోజు నాన్నగారు ఫోన్‌చేసి, “కంప్యూటర్‌కి వైరస్ వచ్చిందిరా, గంటకోసారి అదే చెబుతోంది” అన్నారు. లోపలికి వెళ్లి చూస్తే తెర కుడివైపు మూలన ఎర్రటి గుర్తుతో హెచ్చరిక కనిపించింది. యాంటీవైరస్ స్కాన్‌లో ఏమీ తేలలేదు. ఆ హెచ్చరికను నిదానంగా చదివితే, సందేశం కింద సన్నటి అక్షరాలతో క్రోమ్ పేరూ, దాని పక్కన ఏదో ఊరూపేరూ లేని సైటు చిరునామా ఉన్నాయి. అంటే అది వైరస్ కాదు, ఒక వెబ్‌సైట్ పంపుతున్న నోటిఫికేషన్. కంట్రోల్, హెచ్ మీటలు నొక్కి హిస్టరీ తెరిచి ఆ చిరునామాను వెదికితే ఒకే ఒక్క వరుస దొరికింది. వెదుకులాట తీసేసి ఆ రోజుకు వెళితే, దానికి ముందు వరుసలో ఒక పాత భక్తిపాటను ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోమనే పేజీ ఉంది. అక్కడ ‘నేను రోబోను కాదు, అలవ్ (Allow, అనుమతించు) నొక్కండి’ అన్న మాట నమ్మి నొక్కారన్నమాట. సైట్ సెట్టింగ్స్‌లోని నోటిఫికేషన్ల అనుమతుల జాబితా నుంచి ఆ చిరునామాను తీసేయగానే హెచ్చరికలు ఆగిపోయాయి. హిస్టరీ లేకపోతే హెచ్చరికను ఆపగలిగేవాణ్ని గాని, అది ఏ దారిన వచ్చిందో ఆయనకు చూపించగలిగేవాణ్ని కాదు. దారి చూశారు కాబట్టి ఇప్పుడు ‘అలవ్’ అనే మాట కనిపిస్తే ఆగి ఆలోచిస్తున్నారు.

అందువల్లనే, బ్రౌజర్ నెమ్మదిస్తే ముందుగా హిస్టరీ తుడిచేయమనే సలహా నాకు నచ్చదు. పేజీలు సరిగా రాకపోవడానికి సాధారణంగా కారణం పాతబడిన కాష్ (బ్రౌజర్ దాచుకున్న పేజీల నకళ్లు) లేదా కుకీలు (సైట్లు మనను గుర్తుంచుకోవడానికి పెట్టే చిన్న సమాచారం). బ్రౌజింగ్ డేటా తొలగించే చోట ఈ మూడింటికీ వేరువేరు గడులు ఉంటాయి. హిస్టరీ గడిలోని టిక్ తీసేసి మిగిలినవి తుడవవచ్చు.

హిస్టరీ సాక్ష్యానికీ హద్దులున్నాయి. క్రోమ్ ఆ కంప్యూటర్‌లో సుమారు 90 రోజుల వరకే దానిని దాచుతుంది. ఇన్‌కాగ్నిటో కిటికీలో చూసినవి అందులో చేరవు. సింక్ ఆన్‌లో ఉంటే అదే ఖాతాతో ఫోన్‌లో తెరిచిన పేజీలు కూడా కలిసిపోతాయి కాబట్టి, ఏది ఏ పరికరంలో జరిగిందో గమనించకుండా నిర్ణయానికి రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఏ చేయి నొక్కిందో హిస్టరీకి తెలియదు. నేను దూరం నుంచి తెరిచిన పేజీ, నాన్నగారు తెరిచిన పేజీ అందులో ఒకేలా పడతాయి. దీనికి కంప్యూటర్‌లో జరిగినవాటి చిట్టా చూపే విండోస్ ఈవెంట్ వ్యూయర్ సాయపడుతుంది. అప్లికేషన్ లాగ్‌లో ‘క్రోమోటింగ్’ అనే పేరుతో రిమోట్ ఎప్పుడు కలిసిందో, ఎప్పుడు విడిపోయిందో నమోదవుతుంది. ఆ సమయాలను హిస్టరీ సమయాలతో పోల్చితే ఎవరి పని ఏదో తేలుతుంది. నా సొంత వెదుకులాటకు అక్కడ నేను క్రోమ్‌లో హిస్టరీ మిగల్చని గెస్ట్ కిటికీయే వాడతాను. హిస్టరీ ఫైలునే నేరుగా పరిశీలించాలనుకునేవారికి ఒక మాట: అది ఎస్‌క్యూలైట్ అనే పద్ధతిలోని డేటాబేస్, క్రోమ్ నడుస్తున్నప్పుడు తాళం పడి ఉంటుంది గనుక నకలు తీసుకుని చూడాలి. అందులోని సమయాలు 1601 జనవరి 1 నుంచి మైక్రోసెకన్లలో లెక్కపెట్టినవి.

ఒకరి హిస్టరీ చూడటమంటే వారి మనసులోకి తొంగిచూడటమే. కన్నతండ్రిదైనా అడగకుండా తెరవకూడదని నా అభిప్రాయం. ఫోన్‌లో ఆయన ఉండగానే, “ఆ రోజు సాయంత్రం వరకే చూస్తాను” అని చెప్పి తెరుస్తాను, సమస్యకు సంబంధంలేని వరుసల జోలికి పోను.

ఈ సాధనమే మోసగాళ్ల చేతిలో ఆయుధం అవుతుంది. రిమోట్ యాప్‌ల ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్న పద్ధతి గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. బ్యాంకు నుంచి అని, కంప్యూటర్ కంపెనీ నుంచి అని చెప్పి ఎవరు కోడ్ అడిగినా ఇవ్వవద్దని, పొరపాటున ఇచ్చి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలని నాన్నగారి మానిటర్ అంచున కాగితం మీద రాసి అంటించాను.

డబ్బు కట్టనవసరం లేని ఈ సాఫ్ట్‌వేర్, ఒకరిద్దరు పెద్దవారి కంప్యూటర్లు చూసుకునే పిల్లలకు నిశ్చింతగా సరిపోతుంది. పదుల కంప్యూటర్లను నిర్వహించే ఆఫీసుకు, ఎవరు ఏ యంత్రంలోకి వెళ్లవచ్చో ఒకేచోట నుంచి నియంత్రించే ఏర్పాటు ఉన్న వేరే సాఫ్ట్‌వేర్ చూసుకోవడం మంచిది.